ఆకాశంలో పడకగది, ఖాతాలో మైళ్ళు

విమానాల్లో ముందు వచ్చింది పడక. ఎకానమీ సీటు ఆ తర్వాత ఇరవై ఏళ్ళకు గానీ రాలేదు. ఈ మాట చెబితే చాలామంది నమ్మరు. తలుపులున్న ఫస్ట్ క్లాసు సూట్లు, రెండు మంచాలు కలిపేసే గదులు, ఆకాశంలో స్నానాలు, ఇవన్నీ దుబాయ్ వాళ్ళో సింగపూర్ వాళ్ళో మొన్నమొన్న కనిపెట్టిన విలాసాలని అనుకుంటారు. నేను హైదరాబాదు బషీర్‌బాగ్‌లో ఒక ట్రావెల్ ఏజెన్సీలో, చేత్తో టికెట్లు రాసే రోజుల్లో చేరాను. 2008లో కాగితం టికెట్ పూర్తిగా పోయేదాకా, ఆ తర్వాత ఇంకొన్నాళ్ళూ అదే పనిలో ఉన్నాను. ఈ గదుల కథ, వాటి తలుపులు మామూలు ఉద్యోగస్తుల ముందు తెరిచిన మైళ్ళ కథ, రెండూ నాకు ప్రాణం. ఒకటి వదిలి ఇంకొకటి చెబితే ఏదీ అర్థం కాదు.

1930లలో అమెరికాను ఒక తీరం నుంచి ఇంకో తీరానికి విమానంలో దాటాలంటే రాత్రంతా ప్రయాణం. మధ్యలో ఇంధనం కోసం అక్కడక్కడా దిగాలి. అక్కడి డబ్బున్న వ్యాపారులకు రైళ్ళలో పుల్‌మన్ బెర్తులు అలవాటు. వాళ్ళని రైలు దింపి విమానం ఎక్కించాలంటే పడుకునే చోటు చూపించాలి. అమెరికన్ ఎయిర్‌లైన్స్ అధిపతి సి.ఆర్. స్మిత్ డగ్లస్ కంపెనీ వెంటపడి అలాంటి విమానం చేయించుకున్నాడు. 1935 డిసెంబరు 17న అది తొలిసారి ఎగిరింది. పేరు డగ్లస్ స్లీపర్ ట్రాన్స్‌పోర్ట్. అందులో 14 పడకలు. అవి తీసేసి 21 సీట్లు బిగించిన రకానికి డీసీ-3 అని పేరు పెట్టారు. ప్రపంచమంతా ఎరిగిన డకోటా ఇదే.

రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక సైన్యం దగ్గర మిగిలిపోయిన డకోటాలు చవగ్గా దొరికాయి. నిజాం రాజ్యంలో 1945లో పుట్టిన దక్కన్ ఎయిర్‌వేస్ బేగంపేట నుంచి నడిపినవి డకోటాలే. 1953లో విమాన కంపెనీలను జాతీయం చేసినప్పుడు అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. బేగంపేట డకోటాల్లో పడకలు లేవు, సీట్లే. కానీ ఆ విమానం జాతకంలో ఉన్నది పడక. అమెరికన్ ఎయిర్‌లైన్స్ పేరు మాత్రం గుర్తుపెట్టుకోండి. ఈ కథలో ఆ కంపెనీ మళ్ళీ వస్తుంది.

పడకల వైభవం చూడాలంటే 1939 నాటి బోయింగ్ 314 చూడాలి. నీటి మీద దిగే విమానం అది. పాన్ అమెరికన్ దాన్ని అట్లాంటిక్ మీద నడిపింది. లోపల భోజనాల గది, రాత్రికి పడకలుగా మారే సీట్లు, తోక వైపు చివర్న ఒక ప్రత్యేకమైన గది. న్యూయార్క్ నుంచి ఇంగ్లండ్ వెళ్ళిరావడానికి 675 డాలర్లు. అప్పట్లో అది మామూలువాడు కలలో కూడా లెక్కపెట్టని మొత్తం. యుద్ధంతో ఆ ఇంగ్లండ్ ప్రయాణం కొద్ది నెలల్లోనే ఆగిపోయింది. 1949లో వచ్చిన స్ట్రాటోక్రూజర్‌లో కింది అంతస్తుకు మెట్లు, అక్కడ బార్, పైన బెర్తులు. అంతకు ఏడాది ముందు, 1948 జూన్ 8న, ఎయిర్ ఇండియా 'మలబార్ ప్రిన్సెస్' బొంబాయి నుంచి కైరో, జెనీవా మీదుగా లండన్‌కు బయలుదేరింది. అందులో 35 మంది. వాళ్ళలో సంస్థానాధీశులూ ఉన్నారు. విమానం ఎక్కడమే రాచమర్యాద కాబట్టి తరగతులు విడదీయాల్సిన అవసరం అప్పటికి రాలేదు.

తరగతులు వచ్చింది 1952లో. ఆ ఏడాది మే నుంచి అట్లాంటిక్ మీద టూరిస్టు చార్జీలకు అంతర్జాతీయ విమాన సంస్థల సంఘం ఒప్పుకుంది. 1958లో ఎకానమీ క్లాసు వచ్చింది. అదే ఏడాది అక్టోబరులో పాన్ అమెరికన్ బోయింగ్ 707 జెట్‌ను అట్లాంటిక్ మీదకు దించింది. 1960 ఫిబ్రవరిలో ఎయిర్ ఇండియాకూ 707 వచ్చింది. రాత్రంతా పట్టే దూరం ఏడెనిమిది గంటలకు తగ్గింది. దాంతో పడక పోయింది! ఇంత తక్కువసేపటికి మంచం ఎందుకు అన్నారు కంపెనీల వాళ్ళు. ఫస్ట్ క్లాసు అంటే వెడల్పాటి సీటు, మంచి భోజనం, అంతే. ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళకు పైగా ప్రపంచంలోని ధనవంతులు కూడా, ఎక్కడో ఒకటీ అరా తప్ప, కుర్చీలో ఒరిగే నిద్రపోయారు. వేగం పెరిగాక సుఖం తగ్గింది. నాకైతే అసలు మలుపు అక్కడే అనిపిస్తుంది.

1970లో బోయింగ్ 747 వచ్చినప్పుడు చోటు మళ్ళీ దొరికింది. దాన్ని మంచాలతో నింపలేదు, హాళ్ళతో నింపారు. మెట్లెక్కి వెళితే ఫస్ట్ క్లాసు వాళ్ళకు లౌంజ్. అమెరికన్ ఎయిర్‌లైన్స్ అయితే ఎకానమీ వెనక లౌంజ్‌లో పియానో కూడా పెట్టింది. 1971లో ఎయిర్ ఇండియా మొదటి 747 'ఎంపరర్ అశోక' వచ్చింది. కిటికీల చుట్టూ బయట రాజస్థానీ ఝరోకాల బొమ్మ, ఆకాశంలో రాజప్రాసాదం అని ప్రచారం. ఆ కంపెనీ తన 747లకు చక్రవర్తుల పేర్లు పెడుతూ వచ్చింది. వాటిలో ఒకదాని పేరు శ్రీకృష్ణదేవరాయలు. నేను ఉద్యోగంలో చేరాక ఆ పేరున్న విమానం బొంబాయిలో నిలిచి ఉన్న ఫోటో ఒకటి మా ఆఫీసు గోడకు తగిలించుకున్నాం.

ఇక మైళ్ళు. టికెట్ రాసేవాళ్ళకు మైళ్ళు లెక్కపెట్టడం మొదటి నుంచీ ఉన్న పని. హైదరాబాదు నుంచి న్యూయార్క్‌కు ఒక చార్జీ ఉంటే, ఆ చార్జీకి ఇన్ని మైళ్ళ దాకా తిరగొచ్చని ఒక పరిమితి ఉండేది. ప్రయాణికుడు మధ్యలో రోమ్ చూస్తానంటాడు, లండన్‌లో బావమరిది ఇంట్లో దిగుతానంటాడు. ఊరి నుంచి ఊరికి మైళ్ళు పుస్తకంలో చూసి కూడాలి. పరిమితి దాటితే చార్జీకి ఐదు శాతం కలపాలి, ఇంకా దాటితే పది, పదిహేను, ఇరవై, చివరికి ఇరవై ఐదు. అదీ దాటితే ఆ చార్జీ చెల్లదు, టికెట్ విడగొట్టాలి. ఎర్ర కార్బన్ అంటిన వేళ్ళతో ఈ కూడికలు చేసి, ఐదు శాతం మెట్టు తప్పించే దారి వెతికి పెడితే ప్రయాణికుడి ముఖం వెలిగిపోయేది. ఆ విద్య ఇప్పుడు ఎవరికీ అక్కర్లేదు. నాకు మాత్రం ఇప్పటికీ బొంబాయి నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ అనగానే మనసు మైళ్ళ వైపే పోతుంది.

ఖాతాలో పడే మైళ్ళు పుట్టింది మాత్రం అమెరికాలో. అక్కడ 1978 దాకా ఏ కంపెనీ ఎక్కడికి ఎగరాలో, ఎంత చార్జీ పెట్టాలో ప్రభుత్వ బోర్డు చెప్పేది. అందుకే కంపెనీలు భోజనం మీదా పియానోల మీదా పోటీపడ్డాయి. 1978 అక్టోబరు 24న అధ్యక్షుడు కార్టర్ సంతకంతో ఆ కట్టడి పోయింది. చవక కంపెనీలు వచ్చాయి, చార్జీలు పడిపోయాయి. పాత కంపెనీలకు భయం పట్టుకుంది. మాటిమాటికీ ఎగిరే వ్యాపారస్తుణ్ణి తమ దగ్గరే కట్టిపడేసుకోవాలి. ఎలా?

జవాబు అమెరికన్ ఎయిర్‌లైన్స్ కంప్యూటర్‌లో ఉంది. బుకింగుల కోసం ఐబీఎంతో కలిసి తయారు చేసిన సేబర్ అనే వ్యవస్థ ఆ కంపెనీ సొంతం. అందులో ఒకే ఫోన్ నంబరు ఎన్నిసార్లు కనిపిస్తోందో చూస్తే తరచూ తిరిగేవాళ్ళెవరో తెలిసిపోతుంది. అలా లక్షమందికి పైగా ఏరారు. తమ విమానాశ్రయ లౌంజ్‌ల సభ్యులను కూడా కలిపి, 1981 మే 1న అడ్వాంటేజ్ పథకం మొదలుపెట్టారు. ఎగిరిన మైళ్ళు ఖాతాలో జమ అవుతాయి, కూడబెడితే ఉచిత టికెట్. టెక్సస్ ఇంటర్నేషనల్ అనే చిన్న కంపెనీ అంతకుముందే ఇలాంటిది చేసి చూసింది గానీ ఈ స్థాయిలో ఎవరూ చెయ్యలేదు. అదే నెలలో యునైటెడ్ కూడా దిగింది. పాతికేళ్ళ తర్వాత ఇది ఎక్కడికి చేరుతుందో ఆ రోజు ఆ ఆఫీసులో కూర్చున్నవాళ్ళెవరూ ఊహించి ఉండరు.

ఇందులోని ఆర్థిక సూత్రం చాలా తేలిక. విమానం తలుపు మూశాక ఖాళీగా ఉన్న సీటు విలువ సున్నా. సాయంత్రానికి వాడిపోయే పూలబుట్ట లాంటిది. ముఖ్యంగా ఫస్ట్ క్లాసులో సీట్లు మిగులుతాయి, ఎందుకంటే కొనేవాళ్ళు తక్కువ. ఆ మిగిలే సీటును నమ్మకస్తుడైన ఖాతాదారుడికిస్తే కంపెనీకి అయ్యే ఖర్చు భోజనం, కాస్త ఇంధనం. పుచ్చుకున్నవాడికి మాత్రం అది జీవితంలో మరిచిపోలేనిది. రెండిటి మధ్య ఉన్న ఆ పెద్ద తేడాలోంచే ఈ వ్యాపారమంతా పుట్టింది. ఎప్పుడెన్ని సీట్లు మైళ్ళకు వదలాలో కంపెనీ కంప్యూటర్ లెక్కగడుతుంది. స్టార్ అలయన్స్ కంపెనీల్లో మైళ్ళ మీద ఇచ్చే ఫస్ట్ క్లాసు సీటుకు 'ఓ' అనే అక్షరం వాడతారు. తెర మీద ఆ అక్షరం పక్కన సున్నా బదులు రెండు కనిపిస్తే మా ఆఫీసులో ఒకరినొకరు పిలుచుకుని చూపించుకునేవాళ్ళం.

1987లో సిటీ బ్యాంకు అమెరికన్ ఎయిర్‌లైన్స్‌తో కలిసి క్రెడిట్ కార్డు ఇచ్చింది. ఇకనుంచి మైలు రావాలంటే ఎగరక్కర్లేదు, ఖర్చుపెడితే చాలు. కంపెనీ మైళ్ళను బ్యాంకుకు అమ్ముతుంది, బ్యాంకు ఖాతాదారుడికి పంచుతుంది. 1999లో కాలిఫోర్నియాలో ఒక ఇంజనీరు చేసిన పని ఈ కాలానికి మంచి గుర్తు. ఒక ఆహార కంపెనీ తన డబ్బాల మీది బార్‌కోడ్ చీటీలు పంపితే మైళ్ళిస్తానంది. పావు డాలరుకొక పుడ్డింగ్ కప్పు దొరుకుతోందని ఆయన 12,150 కప్పులు కొన్నాడు. చీటీలు ఒలవడం ఒక్కడి వల్ల కాక, కప్పులు ధర్మసంస్థకిచ్చి వాళ్ళ చేత ఒలిపించాడు. ఖాతాలో పన్నెండు లక్షల పైచిలుకు మైళ్ళు పడ్డాయి. కొందరు దీన్ని చిల్లర తెలివి అంటారు. నా దృష్టిలో షరతుల కాగితాన్ని చివరి అక్షరం దాకా చదివిన మనిషికి దక్కిన న్యాయమైన ఫలితం అది.

మన దేశంలో ఈ పథకాలు 1990లలో, ప్రైవేటు విమానాలకు దారి ఇచ్చాక వచ్చాయి. జెట్ ఎయిర్‌వేస్‌కు జెట్ ప్రివిలేజ్, ఎయిర్ ఇండియాకు ఫ్లయింగ్ రిటర్న్స్. అప్పుడే మన పిల్లలు అమెరికా వెళ్ళడం ఊపందుకుంది. ఒక్కొక్కరికి 32 కిలోల పెట్టెలు రెండు, ఆవకాయ, గోంగూర, కుక్కరు. ఏడాది రెండేళ్ళకు కూతురి పురుడు పొయ్యడానికి తల్లుల ప్రయాణం. "అమ్మా, ఈ ఫారం కూడా నింపండి, మైళ్ళు పడతాయి" అంటే "అవన్నీ మాకెందుకమ్మా, క్షేమంగా దింపితే చాలు" అనేవాళ్ళు. బతిమాలి నింపించేదాన్ని. వాళ్ళలో కొందరు మూడో నాలుగో ప్రయాణానికి బిజినెస్ క్లాసుకు మారి, కాళ్ళవాపులు లేకుండా దిగామని ఫోన్ చేశారు. నా ఉద్యోగంలో నాకు దక్కిన గొప్ప సంతోషాల్లో అదొకటి.

ఈలోగా పడక తిరిగొచ్చింది. వేగం తీసుకెళ్ళినదాన్ని దూరం తిరిగి తెచ్చిపెట్టింది. 747-400, ఎయిర్‌బస్ ఏ340, బోయింగ్ 777 లాంటివి వచ్చాక పన్నెండు, పద్నాలుగు గంటలు ఎక్కడా ఆగకుండా ఎగరడం మామూలైపోయింది. 1990ల నడుమ బ్రిటిష్ ఎయిర్‌వేస్ ఫస్ట్ క్లాసు సీటును పూర్తిగా చదునైన పడకగా మార్చింది. 2000లో అదే కంపెనీ బిజినెస్ క్లాసుకూ పడక ఇచ్చింది. ఇక్కడ ఫస్ట్ క్లాసుకు చిక్కు వచ్చిపడింది. పడక బిజినెస్ వాళ్ళకూ వచ్చాక, దానికంటే ఎక్కువ ఏమివ్వాలి? మిగిలింది గోడ, తలుపు. 2003లో ఎమిరేట్స్ ఏ340-500లో తలుపున్న సూట్లు పెట్టింది. 2007లో మన జెట్ ఎయిర్‌వేస్ 777ల్లో ఎనిమిది సూట్లు తలుపులతో వచ్చాయి. ఈ సంగతి చాలామందికి గుర్తులేదు గానీ, ఆ రోజుల్లో అది ప్రపంచంలో ఎవరికీ తీసిపోని ఫస్ట్ క్లాసు.

అదే 2007 అక్టోబరు 25న సింగపూర్ ఎయిర్‌లైన్స్ తొలి ఏ380 సింగపూర్ నుంచి సిడ్నీకి ఎగిరింది. ఆ మొదటి ప్రయాణం టికెట్లను ధర్మకార్యానికి వేలం వేస్తే ఒకాయన రెండు సూట్లకు 1,00,380 డాలర్లిచ్చాడు. 2008లో ఎమిరేట్స్ తన ఏ380ల్లో 14 మంది ఫస్ట్ క్లాసు ప్రయాణికులకు రెండు స్నానాల గదులు కట్టింది. ఒక్కొక్కరికి ఐదు నిమిషాల నీళ్ళు. 2014 చివర్లో ఎతిహాద్ హాలు, పడకగది, స్నానాలగది కలిపి మూడు గదుల ఇల్లే ఇచ్చింది. బోయింగ్ 314 తోక దగ్గరి గది డెబ్బై ఐదేళ్ళకు పెరిగి పెద్దదై వచ్చింది.

ఆ గదుల్లో ఒకదానిలోకి నేనూ మావారూ మైళ్ళ మీదే వెళ్ళాం. సింగపూర్ ఏ380 హైదరాబాదుకు రాదు, ముంబయి వెళ్ళి ఎక్కాలి. ఆ కంపెనీ తన సూట్లను మైళ్ళ మీద దాదాపుగా తన మైళ్ళ పథకమైన క్రిస్‌ఫ్లయర్ సభ్యులకే ఇస్తుంది. మన బ్యాంకుల కార్డుల్లో కొన్నిటి పాయింట్లను క్రిస్‌ఫ్లయర్‌లోకి మార్చుకోవచ్చు. మా అమ్మాయి పెళ్ళికి ఫంక్షన్ హాలు, వంటవాళ్ళు, నగలు, వీలైనదంతా కార్డు మీద పెట్టి, బిల్లు ఏ నెలకానెల పూర్తిగా కట్టేశాం. ఈ 'పూర్తిగా' అన్న మాట గట్టిగా చెప్పాలి. కార్డు మైళ్ళు ఆకాశం నుంచి ఊడిపడవు. దుకాణదారు కట్టే రుసుము, బాకీ నిలిపేసుకున్నవాళ్ళు కట్టే వడ్డీ, వాటిలోంచే వస్తాయి. వడ్డీ కట్టే మనిషికి మైలంత ఖరీదైన వస్తువు ఇంకోటి లేదు.

2017లో మార్చిన ఆ పై అంతస్తులో మొత్తం ఆరు సూట్లే. లోపల అడుగుపెడితే మొదట మంచం కనిపించదు. తోలు కుర్చీ ఒకటి, కిటికీ వైపుకీ తెర వైపుకీ తిప్పుకోవచ్చు. మంచం గోడలో నిలువుగా దాగి ఉంటుంది. భోజనం అయ్యాక సిబ్బంది వచ్చి దాన్ని కిందికి దించి, పక్క పరిచి వెళతారు. ముందూ వెనకా ఉన్న కొన్ని సూట్ల మధ్య అడ్డు దించేస్తే రెండు మంచాలూ ఒకటవుతాయి. విమానం లేచేటప్పుడు, దిగేటప్పుడు తలుపులు తెరిచే ఉంచాలి, అది భద్రతా నియమం. ముందు వైపు స్నానాలగదిలో కూర్చుని తల దువ్వుకోవడానికి అద్దం, బల్ల. జడ విప్పి, నూనె రాసుకుని, మళ్ళీ అల్లుకున్నాను అక్కడ. ముప్ఫై వేల అడుగుల పైన, ఎవరూ తలుపు తట్టకుండా. ముంబయి నుంచి సింగపూర్ ఐదున్నర గంటలే కాబట్టి మావారు నిద్రపోయారు, నేను పోలేదు. ఎన్నో ఏళ్ళు ఇతరుల పేర్ల పక్కన ఫస్ట్ క్లాసు గుర్తుగా 'ఎఫ్' అని రాసిన చేతులకు ఆ గది గోడ మీద చెయ్యి పెట్టి చూసుకోవడమే పండగ.

ఇక ఈ చరిత్రలో అందరూ తెలుసుకోవలసిన భాగం. ఖాతా మీ పేరుమీద ఉన్నా పెత్తనం కంపెనీదే. 1988లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ పాత మైళ్ళకు కూడా కొత్త షరతులు పెడితే సభ్యులు కోర్టుకెళ్ళారు. 1995లో అమెరికా సుప్రీంకోర్టు, ఒప్పందం ఉల్లంఘించారని దావా వెయ్యొచ్చు గానీ రాష్ట్రాల వినియోగదారుల చట్టాల కింద కుదరదని చెప్పింది. 2015లో డెల్టా, యునైటెడ్, మరుసటేడు అమెరికన్, ఎగిరిన దూరం బదులు కట్టిన డబ్బును బట్టి మైళ్ళివ్వడం మొదలెట్టాయి. 2017 మార్చిలో క్రిస్‌ఫ్లయర్ ఆన్‌లైన్ బుకింగుకు ఇచ్చే 15 శాతం తగ్గింపు తీసేసింది. 2019 ఏప్రిల్ 17న జెట్ ఎయిర్‌వేస్ ఆగిపోయింది. జెట్ ప్రివిలేజ్ వేరే కంపెనీగా ఉండటం వల్ల మైళ్ళు మిగిలాయి, ఆ ఎనిమిది సూట్లు మాత్రం మిగల్లేదు. 2020లో విమానాలన్నీ నేలమీద ఉన్నప్పుడు యునైటెడ్ తన మైళ్ళ పథకాన్నే తాకట్టు పెట్టి బిలియన్ల డాలర్ల అప్పు తెచ్చుకుంది. పథకం విలువ సుమారు 2,190 కోట్ల డాలర్లని లెక్కగట్టారు. అప్పటికి మొత్తం కంపెనీకి షేర్ మార్కెట్ కట్టిన విలువ కంటే అది ఎక్కువ. 1981లో కొత్త పోటీని తట్టుకోవడానికి వేసిన ఎత్తు, నలభై ఏళ్ళకు కంపెనీని నిలబెట్టే ఆస్తి అయింది.

అందుకని మైళ్ళున్నవాళ్ళకు నా మనవి ఒకటే. దాచుకోకండి. క్రిస్‌ఫ్లయర్ మైళ్ళకు మూడేళ్ళు గడువు. ఏ కంపెనీ మైళ్ళకైనా రేటు పెంచే రోజు ముందుగా మిమ్మల్ని అడిగి పెట్టరు. ఇంట్లో పెద్దవాళ్ళుంటే, వాళ్ళ కాళ్ళు సాగుతున్నప్పుడే తీసుకెళ్ళండి. పైగా ఈ పెద్ద సూట్లలో చాలావాటిని మోస్తున్న ఏ380 తయారీ ఆగిపోయింది. మొత్తం 251 విమానాలు చేశారు. చివరిది 2021 డిసెంబరులో ఎమిరేట్స్‌కు చేరింది.